దానిమ్మ వెనక తెల్ల పంచె

చాకలి సుక్కమ్మకు లోకంలో రెండంటే రెండు భయాలు. ఒకటి పటేలు గొంతు, రెండోది ఫోటో. పటేలు గొంతు వినపడితే తలవంచుకుని నిలబడితే గండం గడిచేది. ఫోటో దగ్గర మాత్రం ఆ ఉపాయం పారదని ఆమె నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. యుద్ధం రోజుల్లో ఆమె మొగుడు బుగ్గయ్య సిపాయిల బట్టలు ఉతకడానికి బొల్లారం పోయాడు. లోపలికి రానివ్వాలంటే చీటీ కావాలని, చీటీ మీద అతికించడానికి ఫోటో కావాలని ఎవరో దొర అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దన్నాడు. బుగ్గయ్య కదలలేదు. ఆ చలికాలం దాటకుండానే చలిజ్వరం వచ్చి అక్కడే కన్నుమూశాడు. జ్వరం తెచ్చింది దోమలని దవాఖాన వాళ్ళు చెప్పి చూశారు. సుక్కమ్మ చెవిన పెట్టలేదు. దోమలు అందరినీ కుట్టాయి, ఫోటో తీసింది ఆయన్ని, పోయిందీ ఆయనే. ఇంక ఆమెకు చెప్పగలిగేవాళ్ళెవరు?

బుగ్గయ్య పోతూ ఆమెకు వదిలిపెట్టింది ఒక కొడుకును, ఒక దానిమ్మ చెట్టును. కొడుకు పేరు కొండల్. చెట్టుకు పేరేమీ లేదు గానీ మర్యాదలో కొడుక్కు తక్కువ కాదు. పెళ్ళయిన కొత్తలో బుగ్గయ్య పట్నంలో ఏదో నవాబు దేవిడీకి బట్టలు ఇవ్వడానికి పోయి, అక్కడి తోటమాలిని బతిమాలి పిలక తెచ్చాడు. బట్టలు ఉడకేసే బాన అంచు పగిలి మూల పడి ఉంటే దాంట్లో మట్టి పోసి నాటాడు. బానలో పెరిగే చెట్టు ఎంతని పెరుగుతుంది? నడుమెత్తు దాటలేదు. వానల్లో చూరు కిందికి, చలికి ఇంట్లోకి, ఎండాకాలం గోడ నీడకు సుక్కమ్మ ఆ బానను జరుపుకుంటూ తిరిగేది.

"కొండల్‌గాడన్న చంక దిగిండు. ఇది దిగుతలేదు" అని ఇరుగుపొరుగు వాళ్ళతో నవ్వేది.

యుద్ధం ముగిసిన మరుసటి యేడు, వానలు మొదలైనప్పుడు, ఇబ్రహీంపట్నంలో ఆమె ఇంటి వీధి కొట్టంలోకి ఇశ్రాయేలు దిగాడు. అతనిది రావిర్యాల. మిషను దవాఖానలో దొరసాని దగ్గర చాలాకాలం పనిచేశాడు. ఆమె ముసలితనం వచ్చి తన దేశం పోతూ, తన ఫోటో పెట్టెను, మూడు కాళ్ళ పీటను అతనికి ఇచ్చిపోయింది. పెట్టె ఉంది కాబట్టి ఫోటోల దుకాణం పెడదామనుకున్నాడు. ఊళ్ళో కిరస్తానం వాళ్ళకు కొట్టం ఎవరిస్తారు? సుక్కమ్మ ఇచ్చింది. ఇవ్వకపోవడానికి ఆమెకు నోరెక్కడిది? ఇశ్రాయేలు భార్య మరియ దవాఖానలో ఆయా. అంతకు ముందు యేడు కొండల్‌కు మశూచి సోకితే సుక్కమ్మ సొంత అక్క కూడా గడప తొక్కలేదు, మరియ మాత్రం రోజూ వచ్చి వాడి ఒళ్ళు తుడిచి, గంజి తాగించి పోయింది. కొడుకును బతికించిన చేయి అది.

"కిరస్తానపోళ్ళను ఇంట్ల పెట్టుకున్నవ్, మైల గాదా?" అని ఒకామె అడగనే అడిగింది.

"ఊరోళ్ళ మైలంత ఉతికే ఇల్లు నాది. ఇంకేం మైల అంటుతది?" అంది సుక్కమ్మ. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ కొట్టం ఇవ్వడం వేరు, ఫోటో వేరు. ఇశ్రాయేలు దుకాణానికి జనం రాకపోలేదు, తండోపతండాలుగా వచ్చారు. నల్లబట్ట కింద తల దూర్చి పెట్టె వెనక అద్దంలో చూసేవాళ్ళు. అద్దంలో ఎదుటి మనిషి తలకిందులుగా వేలాడుతూ కనపడేవాడు. చూసి కెవ్వుమని బయటికి ఉరికేవాళ్ళు. బతికున్న మనిషిని తలకిందులు చేసే పెట్టె ముందు ఎవరు కూర్చుంటారు? ఇశ్రాయేలు ఎంత నచ్చజెప్పినా ఒక్క బేరం కుదరలేదు. పాపం, అతనికి మాటలు తక్కువ. నచ్చజెప్పడం కూడా సగంలో ఆపేసి తల గోక్కునేవాడు.

ఊరంతటిలో ఫోటో దిగుతానని ఎగిరింది కొండల్ ఒక్కడే. వాడికి అప్పుడప్పుడే మీసం నల్లబడుతోంది. ఆ మీసం చెరిగిపోయే లోపల ఫోటో పడాలని వాడి తాపత్రయం.

"నా పీనుగ మీద దిగు" అంది తల్లి.

"అవ్వా, బాపు జరమొచ్చి పోయిండు. ఫోటోతోని గాదు."

"నువ్వు సూసినవా?"

"నువ్వు సూసినవా?"

ఇశ్రాయేలు మధ్యలోకి వచ్చాడు. "అక్కా, మనిషిని వద్దంటే వద్దు. ప్రాణమున్నది ఇంకేదన్న ఇయ్యి. ఫోటో తీస్త. దానికేం గాకపోతే అప్పుడన్న నమ్ముతవా?"

సుక్కమ్మ చూపు చూరు కింద ఉన్న దానిమ్మ మీదికి పోయింది. గాడిద మీదికి కూడా పోయింది గానీ గాడిద లేకపోతే రేవుకు మూటలు మోసేదెవరు? ఆమె గొంతు తగ్గించి అంది: "దీన్ని తియ్యి. ఒక్కతాప తీస్తే తెల్వదు. వానల్ల తియ్యి, సలికి తియ్యి, ఎండలకు తియ్యి. యేడు దాటి మల్ల వానలొచ్చేదాక ఇది బతికుంటే అప్పుడు సూస్తం. గాని నా కొడుకు ఎంటిక గూడ దాంట్ల పడొద్దు."

ఒప్పందం కుదిరింది. సొంత మొగుడు నాటిన చెట్టును కొడుకు ప్రాణానికి పందెం కాసినందుకు ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

తీయడానికి ఇంకో చిక్కు వచ్చింది. వెనక మట్టిగోడ నల్లగా ఉంది, ఆకులు దాంట్లో కలిసిపోతాయి, తెల్లటి బట్ట కావాలన్నాడు ఇశ్రాయేలు. చాకలింట్లో తెల్లబట్టకు కరువా? కొండల్ దండెం మీంచి చేతికి అందిన పంచె లాగాడు. అది పటేలుది, రుద్రాక్ష అంచు పంచె. దాన్ని చెట్టు వెనక ఎత్తి పట్టుకుని, తను పంచె వెనక నిలబడ్డాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు చాందినీ పట్టేది ఆ ఇంటి చేతులే, ఎంతసేపైనా దించకుండా పట్టడం వాళ్ళకు తెలుసు. ఇశ్రాయేలు గాలి ఆగాలని చూస్తూ నిలబడ్డాడు. ఆకు కదిలితే ఫోటోలో మసకబారుతుందట. గాలి ఆగింది, కొంగలాగా కాచుకున్న ఇశ్రాయేలు పెట్టె కంటి మీది మూత తీసి, మళ్ళీ పెట్టాడు. అంతే, అయిపోయింది.

మర్నాడు కాగితం తెచ్చి చేతికిచ్చాడు. సుక్కమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, సరైన వైపు పట్టుకుంది. తన చెట్టే. ఒక్కొక్క ఆకు, ఆకు మీది ఈనె, బాన పగిలిన అంచు, అన్నీ ఉన్నాయి. రోజూ చూసే చెట్టు ఇంత అందంగా ఉందా అని మురిసింది. ఆ మురిపెంలోనే ఆమె చూపు పైకి పోయింది. పంచె పై అంచును పట్టుకుని, ఈ పక్క ఆ పక్క, కొండల్ చేతివేళ్ళు! పంచె కింద కాలివేళ్ళు!

"పడొద్దంటి గదరా! నా కొంప ముంచినవ్ గదరా తమ్మీ!"

"వేళ్లే గదక్కా. మొఖం పడలే" అని ఇశ్రాయేలు తల గోక్కున్నాడు. "పట్టుకున్నోని వేళ్లు పడకుండ బట్ట ఎట్ల నిలుస్తది?"

కొండల్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

చలికాలం వచ్చింది. దానిమ్మ ఆకు రాల్చింది. ప్రతి చలికీ రాలుస్తుందని సుక్కమ్మకు తెలియక కాదు. తెలిసినా ఆ యేడు ఒక్కొక్క ఆకు పసుపు తిరిగి బానలో పడుతుంటే ఆమె గుండె జారిపోయేది. వాకిట్లోంచి పోయేవాళ్ళు ఆగి, "సూసినవా, ఫోటో పీల్చేసింది" అని తలలూపి పోయేవాళ్ళు. అది చాలదన్నట్టు కొండల్ ఒకనాడు కుడిచేయి ఉంగరపు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గుడ్డంతా నెత్తురు.

"అయ్యో, వేలే! ఫోటోల పడ్డ వేలే!"

కొండల్ ఆ రోజు నవ్వలేదు. "అవ్వా, కొట్టింది శంకరయ్య కట్టె. కచ్చేరికి అధికార్లొచ్చిండ్రంట, పరుపులు మోస్కరమ్మన్నడు. వెట్టికి జర ఆలస్యమైంది, రోకలితోని దంచినట్టు దంచిండు. నీకు శంకరయ్య కానరాడు. ఆ పెట్టె ఒక్కటే కానొస్తది."

శంకరయ్య పటేలు మనిషి. పటేలు గొంతు పోలేని చోటికల్లా అతని కట్టె పోతుంది. సుక్కమ్మకు కొడుకు మాట అర్థం కాకపోలేదు. కానీ పటేలు మీద కోపం తెచ్చుకోవడం కంటే ఫోటో మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతనైన పని. అందుకే గుడ్డ విప్పి, పసుపు అద్ది, మళ్ళీ కట్టింది. చలికాలపు ఫోటోకు మొండి కొమ్మల చెట్టు వెనక కొండల్ పంచె పట్టింది ఆ కట్టు కట్టిన వేలితోనే. ఫోటోలో అది తెల్లటి ముద్దలాగా పడింది.

ఎండలు ముదిరేసరికి చెట్టు ఆమె పరువు నిలబెట్టింది. ఆకు చిగిర్చింది, చిగురు వెనకే మొగ్గ తొడిగింది. ఒక తెల్లవారి చూస్తే చెట్టంతా ఎర్రగా నవ్వుతోంది. పూలు ఇంత ఎర్రగా ఉంటే ఫోటోలో నల్లగా పడతాయే అని ఇశ్రాయేలు బాధపడ్డాడు.

"ఎర్రగ ఉంటదని నాకు ఎర్కే గద. పడనియ్" అంది సుక్కమ్మ. ఆ మాట ఆమె నోట విని మరియ కూడా ఆశ్చర్యపోయింది.

వేళ్ళు మాత్రం కనపడొద్దని కొడుక్కు గట్టిగా చెప్పింది. వాడు సరేనన్నాడు. ఫోటో వచ్చాక చూస్తే, కనపడడమే కాదు, అన్ని వేళ్ళూ విప్పి ఆడించినట్టు పైకి లేపి పెట్టాడు. ఉంగరపు వేలి గోరు మధ్యకు చీలి రెండు పలకలుగా పెరిగింది. అది కూడా స్పష్టంగా పడింది. సుక్కమ్మ తిట్టబోయి నవ్వేసింది. చెట్టు బతికింది, వేలు మానింది. ఊళ్ళో ఒకరిద్దరు ధైర్యం చేసి ఇశ్రాయేలు ముందు కూర్చున్నారు కూడా. ఆమెకు ఎన్నో యేళ్ళుగా ఎద మీద ఉన్న రాయి ఎవరో దించినట్టు అనిపించింది.

"బతుకమ్మ పండుగకు కొత్తంగి కుట్టిస్త. అప్పుడు దిగుదువు తీ" అని కొడుక్కు మాటిచ్చింది.

ఆ పండుగ రాలేదు. అంటే అందరికీ వచ్చింది, ఆమెకు రాలేదు. ఆ యేడు అంగ్రేజీ రాజ్యం పోయింది గానీ నిజాం రాజ్యం పోలేదు. ఊళ్ళమీద రజాకార్లు తిరుగుతున్నారు. వెట్టి చేసేది లేదని కుర్రవాళ్ళు ఒక్కొక్కరే తిరగబడుతున్నారు. కొండల్ శంకరయ్య చేతిలోంచి కట్టె లాగి విరిచేశాడని ఊరంతా గుసగుసలాడింది. మర్నాడు పొద్దున వాడు ఎప్పటిలాగే గాడిద మీద మూటలు వేసుకుని రేవుకు పోయాడు. పొద్దు వాలేసరికి గాడిద ఒక్కటే ఇంటికి వచ్చింది. దాని మీద బట్టలన్నీ ఉతికి, ఆరబెట్టి, చక్కగా మడతపెట్టి ఉన్నాయి. తల్లికి పని మిగల్చకుండా పోయాడు. కొండల్ వెట్టికి ఎదురు తిరిగిన సంఘంలో కలిసి రాచకొండ గుట్టల వైపు పోయాడని తర్వాత తెలిసింది.

సుక్కమ్మ ఆ మడతల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఒక్క మాట ముందు ఒప్పుకుని ఉంటే ఇప్పుడు చూసుకోవడానికి వాడి ముఖం ఉండేది గదా అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, ఇశ్రాయేలు దగ్గరున్న ఫోటోలన్నీ అడిగి తెచ్చి, దేవుని పటాల పక్కన గోడకు వరసగా అతికించింది. వానల్లో చెట్టు, చలిలో చెట్టు, ఎండల్లో చెట్టు. ఊరికి అవి చెట్టు ఫోటోలు. ఆమెకు అవి కొడుకు ఫోటోలు. మామూలు వేళ్ళు, కట్టు కట్టిన వేలు, ఆడించే వేళ్ళు. రోజూ దీపం పెట్టేటప్పుడు వాటిని తడిమేది.

అనుకున్నట్టే పోలీసులు వచ్చారు. వెంట శంకరయ్య. వాళ్ళలో ఎవరూ కొండల్‌ను చూసినవాళ్ళు కారు. శంకరయ్య చూశాడు గానీ అతను ఊళ్ళూళ్ళు తిరిగి చూపించలేడు గదా. వాళ్ళకు ఫోటో కావాలి.

"ఫోటోల దుకాణం కొట్టంల పెట్టుకోని కొడుకు ఫోటో లేదంటవా సుక్కీ? ఎవనికి చెప్తున్నవ్?"

"లేదు శంకరయ్యా. ఫోటో అంటే నాకు భయమని ఊరందరికి ఎర్కే."

ఇల్లంతా గాలించారు. ఇశ్రాయేలు దగ్గరున్న, ఫోటో అచ్చు పడిన గాజుపలకలన్నీ ఎండకు పట్టి చూశారు. చివరికి శంకరయ్య గోడ దగ్గర నిలబడ్డాడు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి ఫోటోల్లోకి చూస్తున్నాడు. ముఖం లేదు, ఏమీ తెలియదు, అయినా ఆ వేళ్ళను అతను చూస్తే ఏదో అయిపోతుందని సుక్కమ్మ భయం.

శంకరయ్య గిర్రున తిరిగాడు. "ఓసి నీ! ఇది పటేలు పంచె గాదే? ఈ అంచు పటేలుదే! పటేలు కట్టే పంచెను చెట్టుకు అడ్డం కడ్తవా? ఎంత బలిసిందే నీకు!"

"తప్పైంది శంకరయ్యా! నీ కాల్మొక్త, బుద్ధి గడ్డి తిన్నది! ఇంకెన్నడు చెయ్య!" అని సుక్కమ్మ కాళ్ళ మీద పడిపోయింది. జన్మలో ఏ తప్పుకూ ఆమె అంత సంతోషంగా క్షమాపణ అడగలేదు. పంచె గొడవలో పడి శంకరయ్య వచ్చిన పని మరిచాడు. పోలీసు జమాదారు విసుక్కుని బయటికి నడిచాడు.

వాళ్ళు పోయాక ఇశ్రాయేలు వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. "అక్కా, నీ భయమే వాణ్ణి కాపాడింది. నేను ఆనాడే తీసి ఉంటే ఈ రోజు వాని మొఖం ఠాణల వేలాడేది." అంతకంటే ఎక్కువ మాట్లాడటం అతనికి రాదు. ఆ మాటే సుక్కమ్మకు చాలా రోజులు అన్నం తినిపించింది.

చలికాలం రాగానే ఆమే అతన్ని పిలిచింది. ఒప్పందం అయిపోయింది గదా, ఇంకెందుకన్నాడు ఇశ్రాయేలు.

"వాడొచ్చినంక సూస్కోవద్దా? వాడు లేనప్పుడు చెట్టు ఎట్లున్నదో వానికి తెల్వాలె" అంది. పంచె తనే పట్టింది. ఈసారి పటేలుది కాదు, బడి పంతులుది.

ఆ తర్వాతి ఎండాకాలం రజాకార్లు ఊళ్ళో దిగారు. కనపడిన సామాను కనపడినట్టు పట్టుకుపోతున్నారని వీధి చివర కేక వినపడగానే మరియ ఫోటో పెట్టెను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. "వదినె, ఇది పోతే మా బతుకు పోతది!" సుక్కమ్మ రెండో ఆలోచన లేకుండా పెట్టెను లాక్కుని పురిటి బట్టల మూటలో చుట్టి గాడిద మీద వేసింది. ముందురోజే కాశమ్మ కోడలు కన్నది. ఆ మూటను చాకలి తప్ప ఇంకెవరూ ముట్టరు, దొంగ కూడా ముట్టడు. వచ్చినవాడు తుపాకి మొనతో మూటను పొడవబోయి, ఏమిటని అడిగి, విని, తోబా తోబా అని చెంపలేసుకుని దూరం జరిగాడు.

దూరం జరిగినవాడు ఊరికే పోలేదు. చేతికేం దొరకలేదన్న కోపంతో బానను తుపాకి మడమతో కొట్టాడు. ఇన్నేళ్ళ బాన పెంకులు పెంకులైంది. పూత మీదున్న చెట్టు మట్టిలో ఒరిగింది, బూటు కింద మొదలు దగ్గర పుటుక్కుమని విరిగింది.

వాళ్ళు పోయాక సుక్కమ్మ మట్టిలో చతికిలబడి విరిగిన మోడును ఒడిలోకి తీసుకుంది. ఆమెకు కోపం రాలేదు. "నా కొడుకు మీదికొచ్చింది నువ్వు పట్టుకున్నవా తల్లీ" అని దాన్ని నిమిరింది. మరియ ఉన్న బానల్లోంచి మంచిది ఒకటి తెచ్చింది. ఇద్దరూ కలిసి మోడును నాటారు. ఇశ్రాయేలు దూరంగా నిలబడి ఉంటే సుక్కమ్మే కేకేసింది: "పెట్టె తేపో. ఇది గూడ తియ్యి." అతను తీశాడు. బట్ట ముందు జానెడు మోడు. అంతే ఆ ఫోటో.

వానలు పడ్డాయి. మరియ దవాఖాన నుంచి రాగానే ముందు ఆ బాన దగ్గరికి పోయి చూసేది. ఒకరోజు అక్కడినుంచే కేకేసింది. మోడు పక్క నుంచి గోరంత ఎర్రటి చిగురు. ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లాగా గంతులేశారు.

ఆ వానలు వెలిసేలోపలే యూనియన్ మిలటరీ వచ్చింది. రజాకార్లు ఎటు పోయారో అటు పోయారు. ఊళ్ళో డప్పులు మోగాయి. పటేలు నెత్తిన టోపీ మారింది, టోపీ కింది తల మారలేదు. గుట్టలు పట్టిన వాళ్ళు కొందరు ఇళ్ళకు వచ్చారు. కొండల్ రాలేదు. ఇప్పుడు సంఘం వాళ్ళను మిలటరీ వెతకడం మొదలుపెట్టింది. రాచకొండ దగ్గర కాల్పుల్లో పోయాడని ఎవరో చెప్పారు. దినాలు చేసెయ్యమని పెద్దలు సలహా ఇచ్చారు.

"చెట్టు చిగురేస్తున్నది. నేను చెయ్య" అంది సుక్కమ్మ. చెట్టుకూ దినాలకూ పొంతనేమిటని ఎవరూ ఆమెను అడగలేకపోయారు. ఇశ్రాయేలుకు మనసులో కొండల్ మీద ఆశ పోయింది. పోయినా పైకి చెప్పలేదు. ప్రతి కాలం మారగానే పెట్టె తెచ్చి నిలబెట్టేవాడు. ఆమె పంచె పట్టేది. చిగురు కొమ్మ అయింది, కొమ్మ చెట్టయింది. గోడ మీద ఫోటోలు దేవుని పటాలను దాటి తలుపు దాకా వచ్చాయి.

మళ్ళీ పూత పట్టడానికి దానికి రెండేళ్ళు పట్టింది. ఆ ఎండాకాలం, ఊళ్ళో ఏదో పెళ్ళి అయిపోయి చాందినీలు ఉతుక్కొచ్చి సుక్కమ్మ పెరట్లో దండేల మీద ఆరేస్తోంది. ఒక చాందినీ జారుతుంటే ఈ కొస సర్దింది. అవతలి కొస ఎవరో సర్దారు. మరియ వచ్చిందనుకుంది. తలెత్తి చూసింది.

చాందినీ పై అంచు మీద చేతివేళ్ళు. ఈ పక్క, ఆ పక్క. కుడిచేతి ఉంగరపు వేలి గోరు మధ్యకు చీలి ఉంది.

ఆమెకు బట్ట పక్కకు తీయడానికి చేయి రాలేదు. తీస్తే అవతల ఎవరూ ఉండరేమోనని భయం. ముందు ఆ వేళ్ళను తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి.

"అవ్వా" అంది బట్ట.

కొండల్ గడ్డం పెరిగి, దవడలు లోపలికి పోయి, వేరే మనిషిలాగా ఉన్నాడు. ముఖం చూసి ఉంటే గుర్తుపట్టడానికి ఆమెకు కూడా కాసేపు పట్టేది. కడుపునిండా తిన్నాక వాడు చెప్పాడు. భువనగిరి అవతల కూలివాళ్ళతో కలిపి మిలటరీవాళ్ళు పట్టుకున్నారట. పేరడిగితే బుచ్చి అన్నాడట. క్యాంపులో అందరినీ వరసగా నిలబెట్టి, ఒక ఫోటోల కట్ట తెచ్చి ఒక్కొక్క ముఖంతో సరిచూశారట. "నా పక్కనోడు సంజీవ. లగ్గంల దిగిన ఫోటో వాళ్ళకు దొరికింది. వాణ్ణి తీస్కపోయిండ్రు, మల్ల కానరాలే. నాది కట్టల లేదు. కట్టంత తిరగేసి, నువ్వెవనివో బుచ్చిగానివే అని మూలకు తోసిండ్రు. ఆఖరికి ఇడిసిపెట్టిండ్రు."

సుక్కమ్మ సంజీవ తల్లిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ తల్లి ఎవరో, ఏ ఊళ్ళో ఉందో. తర్వాత లేచి కొట్టంలోకి పోయి, ఇశ్రాయేలు, మరియల ముందు నిలబడింది.

"తమ్మీ, పెట్టె తే. ఇయ్యాల నా కొడుకును తియ్యాలె."

"భయం లేదా అక్కా?"

"ఉన్నది. ఉంటే ఉండనియ్. మీ రుణం నేను తీర్సుకోలేను తమ్మీ. మరియ చేతుల వాడు ఒకపారి పుట్టిండు. వాడు లేనన్ని దినాలు నువ్వు చెట్టును తీస్తనే ఉన్నవ్, ఒక్కనాడు గూడ వాడు రాడు అనలే. అననందుకు నీకు మొక్కాలె."

ఇశ్రాయేలు తల గోక్కోలేదు. వెనక్కి తిరిగి, పెట్టె మూత తుడుస్తున్నట్టు చాలాసేపు తుడిచాడు.

బానను వాకిట్లో పెట్టారు. చెట్టు నిండా ఎర్రటి పూలు. కొండల్ అలవాటుగా పంచె తీసుకుని చెట్టు వెనక్కి నడిచాడు.

"ఎన్కకు గాదురా. ముంగటికి రా" అని సుక్కమ్మ వాడి చేతిలోంచి పంచె లాక్కుంది.

వాడు చెట్టు పక్కన నిలబడ్డాడు. ఆమె వెనక్కి పోయి పంచె ఎత్తి పట్టింది. ఆమెకు ఏమీ కనపడటం లేదు. ఎదురు ఎండకు పంచె మీద కొడుకు నీడ, చెట్టు నీడ కలిసి పడ్డాయి. ఆ నీడను చూస్తూ, గాలి ఆగేదాకా, చేతులు దించకుండా నిలబడింది.

మర్నాడు ఇశ్రాయేలు ఫోటో తెచ్చాడు. సుక్కమ్మ మొట్టమొదట కొడుకు చెంప మీద కాటుక చుక్క పెట్టింది. తర్వాత తృప్తిగా చూసుకుంది. కొండల్ ఆమె భుజం మీంచి వంగి, పై అంచు మీద వేలు పెట్టి చూపించాడు. చౌడు నీళ్ళకు అరిగి, ముడతలు పడి, పంచెను గట్టిగా పట్టుకున్న వేళ్ళు.

"అవ్వా, నీ వేళ్లు పడ్డయ్!"

"పడనియ్ బిడ్డా" అంది సుక్కమ్మ.